ఫెమ్మె చేతిలో కూజా

మంగళవారం పొద్దున అలైద పదకొండో కాగితం అచ్చు కోసం రాగి రేకు తుడుస్తుండగా ఫెమ్మె వచ్చింది. తలుపు తట్టలేదు. భుజంతో తోసుకుని లోపలికొచ్చి, చెక్క జోళ్ళు గడప దగ్గర విడిచి, మేజోళ్ళతోనే గచ్చు మీద నిలబడింది. ఆమెతోపాటే చేపల వాసన, కాలువ మీది చలి గదిలోకొచ్చాయి.

అలైద తల ఎత్తలేదు. ఎత్తే వీలు లేదు. రేకుకు సిరా పట్టించి గుడ్డతో తుడిచాక చివరి తుడుపు అరచేత్తోనే తుడవాలి. చేతికి కాస్త సుద్దపొడి రాసుకుని, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు, ఒక్క ఊపులో. మధ్యలో ఆగితే ఆగినచోట మచ్చ పడుతుంది. ఫెమ్మె ఆ చేతినే చూస్తూ, తుడవడం అయ్యేదాకా మాట్లాడకుండా నిలబడింది. పనిచేసే చేతిని ఆపకూడదని పనిచేసేవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

రేకును అచ్చుయంత్రం బల్ల మీద పెట్టి, తడి కాగితం పరిచి, పైన కంబళి కప్పాక అలైద ఆమె వైపు తిరిగింది. ఫెమ్మె రవికెలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల అంచున విప్పింది. మడతల దగ్గర చినిగింది, మూల నూనె మరక.

"ఇది నువ్వేసిందేనా అమ్మాయ్?" అంది.

అలైద చూడకుండానే చెప్పగలదు. ఈ క్షణాన కంబళి కింద ఉన్నదీ అదే బొమ్మ. చేపల బజారులో పీపాలకు తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలిది. ఒడిలో బీరు కూజా, దాని పిడి చుట్టూ బిగుసుకున్న వేళ్ళు. బొమ్మ కింద రెండు పంక్తులు:

చేపలమ్మిన సొమ్ము కూజాలో పోసింది,
కూజా ఖాళీ చేసి గురకల్లో మునిగింది.

తనే అచ్చు వేశానంది అలైద. యోరిస్ టేరింక్ మాస్టారు గీసిన బొమ్మలన్నీ లైడెన్‌లో ఆమె చేతి మీదుగా అచ్చయ్యేవే. రెండేళ్ళ కిందట ఈ బొమ్మ వేసింది, అమ్ముడైపోతే ఇప్పుడు మళ్ళీ వేస్తోంది. ప్రతి శుక్రవారం హెర్రింగు చేపలు కొనేది ఈ ఫెమ్మె దగ్గరే. ఆ ముఖం, ఈ ముఖం ఒకటేనని తెలుసు. తెలిసినా ఏనాడూ తలుచుకోలేదు.

ఫెమ్మెకు చదువు రాదు. పంక్తులు బజారులో అందరూ పాడి వినిపించారట. "కూజా ఏదే ఫెమ్మె, ఇవాళ తేలేదా?" అని తూకం దగ్గర ఒకడు, వంతెన మీద ఒకడు. రెండేళ్ళూ ఆమె వాళ్ళకు తగిన జవాబే చెప్పుకుంటూ వచ్చింది. నోరున్నంతకాలం బజారులో తనకు భయం లేదంది. కానీ పోయిన శుక్రవారం చర్చి పెద్దలు పేదల జాబితాలోంచి ఆమె పేరు కొట్టేశారు. చలికాలమంతా పొయ్యిలో కట్టెల బదులు మండించుకోను వాళ్ళిచ్చే ఎండు మట్టిపెళ్ళలు, వారానికో రై రొట్టె ఇక లేవు. తాగేవాళ్ళకు ఇవ్వకూడదని నియమం. ఆమె ఎదుటే బల్ల మీద ఈ కాగితం పెట్టి, ఇదేమిటని అడిగారు. ఇంట్లో ఆరేళ్ళ మనవరాలుంది, లిస్బెత్. తల్లీ తండ్రీ లేని పిల్ల. దగ్గు. పొయ్యి ఆరితే ఆ దగ్గు ఛాతీలోకి దిగుతుంది.

ఇంతా చెప్పి, మాస్టారిని పిలవమంది.

మాస్టారు మేడ మీద ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఈ ఏడు ఆయన చేసే పని అదే, కూర్చోవడం. కళ్ళ మధ్యలో పాలమీగడలాంటి తెర పడింది. అంచులు కనిపిస్తాయి, నడుమ ఉన్నది కనిపించదు. ఆ సంగతి అలైదకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. గోడ పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. దిగేటప్పుడు, దర్జాగా నడిచేవాడిలా, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆ చెయ్యే గోడను తడుముతోంది.

ఫెమ్మె చెప్పిందంతా విన్నాడు. బొమ్మ బొమ్మేనని, అది సాక్ష్యం కాదని, కింద ఎవరి పేరూ రాయలేదని చెప్పాడు. పంక్తులు తనవి కావు, పుస్తకాల దుకాణం హాయ్‌బర్ట్ ఎవరిచేతో చెక్కించినవి అన్నాడు.

"పంక్తులు సరే అయ్యా. కూజా ఎవరిది?" అంది ఫెమ్మె.

"అక్కడుంటేనే గీశాను."

ఫెమ్మె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు ఆమె చెవి పక్కగా ఎక్కడో చూస్తున్నాయి. సిగ్గుతో చూపు తప్పిస్తున్నాడనుకుంది కాబోలు, ఇంకేమీ అడగలేదు. "మీరు పెద్దవాళ్ళు. మీ కళ్ళకు కనిపించిందంటే ఉండే ఉంటుంది లెండి," అని కాగితం మళ్ళీ మడిచి, జోళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయింది. ఆ మాటలోని పోటు అలైదకే గుచ్చుకుంది. మాస్టారు గోడ తడుముకుంటూ మేడెక్కాడు.

కంబళి కింద కాగితం ఆరిపోయింది. అలైద యంత్రం చక్రం తిప్పలేదు.

బుధవారం ఆమె బొమ్మల పెట్టె దింపింది. మాస్టారు వీధుల్లో తిరుగుతూ నల్ల సుద్దతో గీసుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. వంతెన కింద స్కేట్లు కట్టుకునే పిల్లలు, కాళ్ళు మడిచి కూర్చున్న గుడ్డివాడు, పాలపీపాల పడవ, చనిపోయిన ఆయన భార్య నిద్రలో ఉన్న బొమ్మలు ఏడెనిమిది. ఆ చివరివాటిని అలైద తిరగేయకుండానే పక్కన పెట్టింది. చేపల బజారు బొమ్మ అడుగున దొరికింది.

అచ్చులో కుడి ఎడమవుతుంది, అది ఆమెకు అలవాటే. మనసులోనే తిప్పుకుని చూసింది. పీపాలు, తెరిచిన నోరు, జారిన టోపీ, అన్నీ అవే. చెయ్యి మాత్రం అది కాదు. సుద్ద బొమ్మలో చెయ్యి ఒడిలో వెల్లకిలా పడి ఉంది. వేళ్ళు సగం ముడుచుకుని, ఎవరో ఏదో పెడతారని చాపి, చాపిన సంగతే మరిచిపోయినట్టు. అందులో ఏమీ లేదు.

బొమ్మ పట్టుకుని మేడెక్కింది. ఏది తెచ్చావన్నాడు మాస్టారు. చెప్పింది. ఆయన చెయ్యి చాపి కాగితం అందుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి కంటి అంచుతో పట్టుకోవాలని చూశాడు. కాసేపటికి ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"ముసలిది ఊరికే నిద్రపోతే ఎవరు కొంటారన్నాడు హాయ్‌బర్ట్. నవ్వొచ్చేట్టు ఏదైనా పెట్టమన్నాడు," అన్నాడు. "నేనూ తాగే పడుకుందనుకున్నాను, అలైదా. పట్టపగలు బజారు మధ్యలో అలా నిద్రపోయేవాళ్ళు ఇంకెవరుంటారు? ఎలాగూ ఉండేదే గదా అనుకుని కూజా పెట్టాను," అన్నాడు.

మిగిలిన కాగితాలు తాను వెయ్యనంది అలైద. కోపంగా అనలేదు. సిరా అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆయన పనికి ఆమె కాదన్నది అదే మొదలు. శనివారం హాయ్‌బర్ట్ వచ్చి కాగితాలడుగుతాడని గుర్తు చేశాడు మాస్టారు. రానివ్వండి అంది. ఆయన ఒళ్ళోని కాగితాన్ని చాలాసేపు అరచేత్తో నిమిరాడు. సుద్ద చెరిగిపోతుందని ఆమె అనబోయి ఊరుకుంది.

"గీకుడు కత్తి ఎక్కడుంది?" అన్నాడు.

రాగి మీద గీత తియ్యడం గియ్యడం కన్నా కష్టం. మూడంచుల కత్తితో గీత లోతుదాకా రాగిని గీకాలి. గీకినచోట పల్లమవుతుంది. వదిలేస్తే అక్కడ సిరా నిలిచి నల్లటి మరకవుతుంది. అందుకని రేకు తిరగేసి, వెనకనుంచి చిన్న సుత్తితో కొట్టి పల్లాన్ని పైకి లేపాలి. ఆ తరవాత నున్నటి ఉక్కు ముక్కకు నూనె రాసి అద్దంలా అయ్యేదాకా రుద్దాలి. అలైద రోజంతా రుద్దింది. పంక్తులు ముందు పోయాయి. తరవాత కూజా పొట్ట, కూజా మూత. మాస్టారు ఎదురుగా కూర్చుని చప్పుడు వింటూ, "ఇంకా లోతుంది, గరుకుగా వినిపిస్తోంది," అని చెబుతూ వచ్చాడు.

పిడి దగ్గరికొచ్చేసరికి ఆగాల్సి వచ్చింది. వేళ్ళు దాని చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. పిడి తీసేస్తే గాలిని పట్టుకున్న గుప్పిటలా మిగిలింది. ఆ గుప్పిటా తియ్యక తప్పలేదు. వెలుగు తగ్గేవేళకు రేకు మీద ఫెమ్మె చెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంది.

సుద్ద బొమ్మ చూసి చెయ్యి ఎక్కిస్తానంది అలైద. ఒక పాత రేకు ముక్క మీద ప్రయత్నించింది. రేకుల మీద తన అరచెయ్యి ఎంత తెలివిగా తిరుగుతుందో ఆమెకు తెలుసు. ఆ తెలివి సూది పట్టుకోగానే ఎటో పోయింది. వచ్చింది చెయ్యి కాదు, చేతితొడుగు. మాస్టారు గీతల మీద వేలు పోనిచ్చి, నవ్వొచ్చినా ఆపుకున్నాడు.

"ఆవిడను తీసుకురా. నేను చూడలేను. పట్టుకు చూస్తాను," అన్నాడు.

గురువారం బజారు ముగిసేవేళకు అలైద వెళ్ళింది. ఫెమ్మె మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కడుగుతోంది. పక్క బల్ల మీది ఈల్ చేపలవాడు, అచ్చుయంత్రం అమ్మ వచ్చిందని, ఈసారి రెండు కూజాలు పెట్టిస్తుందేమోనని అన్నాడు. ఫెమ్మె తల తిప్పకుండానే, రెండోది నీ తలకాయంత ఉంటుందిలే, అదీ ఖాళీదే గదా అంది. అలైద సంగతి చెప్పింది. కూజా మాస్టారే పెట్టాడని చెప్పింది, చెరిపేశామని చెప్పింది. ఆయన కళ్ళ సంగతి కూడా, ఇక దాచి లాభం లేదని, చెప్పేసింది.

ఫెమ్మె బల్ల మీద మిగిలిన నీళ్ళు కాలువలోకి నెట్టింది. "అయితే మొన్న నన్ను చూడనే లేదన్నమాట," అంది. రానని అనలేదు, వస్తాననీ అనలేదు. గంపెత్తుకుని ముందు నడిచింది.

మేడ మీద మాస్టారు కిటికీ పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. ఫెమ్మె కూర్చుని, చెయ్యి ఎలా పెట్టాలో తెలియక ఏప్రానుకు తుడిచి, తుడిచి, చివరికి ఒళ్ళో వెల్లకిలా పెట్టింది. చేపల కంపు పోలేదని చెప్పింది. ఫరవాలేదు, నాకు ముక్కొక్కటే బాగా పనిచేస్తోంది అన్నాడు మాస్టారు. ఆమె నవ్వు ఆపుకోవడం అలైద చూసింది.

ఆయన రెండు చేతులతో ఆ చేతిని పట్టుకున్నాడు. ముందు బరువు చూశాడు. తరవాత బొటనవేలి కింది దిమ్మ. దాని మీద కత్తి పడిన మచ్చలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. ఉప్పునీళ్ళకు పగిలిన వేలి కణుపులు. ఉంగరపు వేలు కణుపు దగ్గర వంకర తిరిగి ఉంటే అక్కడ ఆగి, నొప్పా అని అడిగాడు. పాతదంది. ప్రతి వేలినీ మొదలునుంచి గోరుదాకా తడిమి, ఆమె చెయ్యి వదలకుండానే రెండో చేత్తో సూది అందుకుని, ఒట్టి రాగి మీద గీత గీశాడు. మామూలుగా వేసే మైనం పూత లేదు, రాగిని తినేసే ద్రావకంలో ముంచడం లేదు. సూది రాగిని దున్నుకుంటూ పోతే నాగటి చాలు పక్కన మట్టి లేచినట్టు రాగి లేస్తుంది. గీసిన గీతను వేలితో తడిమి చూసుకోవచ్చు. ఒకసారి చేతిని తడుముతాడు, ఒకసారి రేకును తడుముతాడు. అలైద రేకు కదలకుండా పట్టుకుంది.

చాలాసేపటికి ఆయనే అడిగాడు, ఆ రోజు బజారులో ఎందుకు నిద్రపోయావని.

రెండేళ్ళయింది, ఈ మాట అడిగింది మీరే మొదలు అంది ఫెమ్మె. ఆ వారం లిస్బెత్‌కు జ్వరమొచ్చింది. ఊళ్ళో సగంమంది పిల్లలు ఆ జ్వరానికే పోయారు. మూడు రాత్రులు పిల్లను ఛాతీకి ఆనించుకుని కూర్చుంది. పడుకోబెడితే ఊపిరి ఆడేది కాదు. నాలుగో రోజు తెల్లవారుతుండగా చెమట పట్టి జ్వరం దిగింది. పిల్ల ఆకలన్నది. ఇంట్లో ఏమీ లేదు. పక్కింటావిడకు అప్పజెప్పి, గంపెత్తుకుని బజారుకొచ్చింది. పీపా పక్కన కూర్చుంది, అంతే. తరవాత ఏం జరిగిందో తెలియదు.

"అంత మంచి నిద్ర మళ్ళీ పట్టలేదు నాకు. పిల్ల బతికిందన్న నిద్ర అది," అంది.

సూది ఆగింది. మాస్టారు తల వంచుకుని ఉన్నాడు. ఆయన పట్టుకున్న చెయ్యే మెల్లగా తిరిగి ఆయన వేళ్ళను పట్టుకుంది.

"కానియ్యి. చిటికెన వేలు మిగిలింది గదా," అంది ఫెమ్మె.

శుక్రవారం పొద్దున అలైద మొదటి కాగితం తీసింది. రాగి మీద లేచిన అంచుల్లో సిరా నిలిచి, ఆ చేతి గీతలు మిగతా బొమ్మలోని సన్న గీతల పక్కన మెత్తగా, నల్లటి నూగు పట్టినట్టు వచ్చాయి. ఒకచోట రెండు గీతలు కలవలేదు. ఉంగరపు వేలు వంకరగానే ఉంది. మాస్టారి చేతి పనిలో ఇంత తడబడినది ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంత నిజమైనదీ చూడలేదు. ఎలా వచ్చిందని ఆయన అడిగితే, "చెయ్యిలాగే ఉంది," అంది.

మధ్యాహ్నం ముగ్గురూ చర్చి పక్క గదికి వెళ్ళారు. పేదలు వరసలో నిలబడి ఉన్నారు. ఎవరో మాస్టారిని గుర్తుపట్టి, మీరు ముందుకు వెళ్ళండని దారి ఇచ్చారు. ఆయన వెళ్ళలేదు. ఫెమ్మె వెనక, ఒక చెయ్యి ఆమె గంప అంచు మీద వేసి, వరస కదిలినప్పుడల్లా కదిలాడు. ఆయనకు కళ్ళు కనిపించవన్నది ఆ వరసలో అందరికీ తెలిసిపోయింది. అలైద పక్కనుండి చూసింది. ఆయన తెలిసిపోనిచ్చాడు.

బల్ల వెనక ముగ్గురు పెద్దలు. నడుమ కూర్చున్న వైబ్రాండ్ రంగుల అద్దకం పనివాడు. ఎంత తోమినా గోళ్ళ కింద నీలం పోదు. మాస్టారు రెండు కాగితాలూ బల్ల మీద పెట్టించి, పాతదాంట్లో కూజా అబద్ధమని, అది తన చేత్తో తనే పెట్టానని, అమ్ముడుపోవాలని పెట్టానని చెప్పాడు.

పక్కనున్న పెద్దమనిషి, బొమ్మొక్కటే కాదు, ఊళ్ళో నలుగురూ అంటున్నారు కదా అన్నాడు.

"నలుగురూ అనడం నా బొమ్మ చూసే నేర్చుకున్నారు," అన్నాడు మాస్టారు.

వైబ్రాండ్ రెండు బొమ్మలనూ పక్కపక్కన జరిపి చూశాడు. కొత్తదాని మీదికి వంగి, చేతి దగ్గర నీలం గోరును కాగితానికి ఆనించకుండా, పైన గాలిలోనే పోనిచ్చాడు. మరి పగలు బజారులో నిద్రేమిటని ఫెమ్మెను అడిగాడు. పిల్లకు జ్వరం, మూడు రాత్రులు కూర్చున్నానంది.

"ఆ మాట పోయిన వారం చెప్పకూడదటమ్మా?"

"మీరు నన్ను అడగలేదయ్యా. కాగితాన్ని అడిగారు."

వైబ్రాండ్ పుస్తకం తెరిచి, కొట్టేసిన పేరు కింద మళ్ళీ ఆమె పేరు రాశాడు. మట్టిపెళ్ళలు ఇవాళే ఇంటికి పంపమని తలుపు దగ్గరి మనిషికి చెప్పాడు. తరవాత, కొత్త బొమ్మ ఈ గదిలో ఉంచుకోవచ్చా అని అడిగాడు. మాస్టారిని కాదు, ఫెమ్మెనే. ఆమె కాస్త ఆలోచించి, గోడకు పెట్టండి, బల్ల మీద వద్దు అంది.

బయటికొచ్చేసరికి మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంది. ఫెమ్మె మాస్టారి మోచెయ్యి పట్టుకుంది. కాలువ గట్టునే నడిచారు. మాస్టారు, ఆమ్‌స్టర్‌డామ్‌లో, హార్లెమ్‌లో, ఇంకా ఏయే ఊళ్ళలోనో గోడల మీద ఆ కూజా అలాగే ఉండిపోతుందని, దాన్ని తాను గీకలేనని అన్నాడు.

"ఆ ఊళ్ళలో నేను చేపలమ్మడం లేదుగా," అంది ఫెమ్మె.

వంతెన దగ్గర ఆగింది. ఆమె దారి ఎడమకు, వీళ్ళ దారి కుడికి. మోచెయ్యి వదిలి, ఆయన కోటు కాలరు సరిచేసి అంది: "ఒకసారి నేను నిద్రలో ఉండగా గీశావు. ఒకసారి నీకు కనిపించకుండా గీశావు. ఇద్దరం సరిగ్గా ఎదురుబొదురు కూర్చోనే లేదు."

"సోమవారం రా," అన్నాడు మాస్టారు.

"సోమవారం పడవలొస్తాయి. మంగళవారం వస్తా."

శనివారం హాయ్‌బర్ట్ వచ్చాడు. కూజా లేని బొమ్మ చూసి, దీన్ని ఎవరు కొంటారన్నాడు, మాస్టారికి మతిపోయిందన్నాడు, ఒక్క కాగితమైనా తీసుకోకుండా పోయాడు. పోతే పొమ్మంది అలైద.

మంగళవారం మధ్యాహ్నం ఫెమ్మె లిస్బెత్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. శుభ్రమైన టోపీ పెట్టుకుంది. అలైద కింద యంత్రం చక్రానికి నూనె పెడుతూ, పైన కుర్చీలు జరిపిన చప్పుడు విన్నది. తరవాత సూది చప్పుడు కోసం చెవి పెట్టింది. అది రాలేదు. ఫెమ్మె ఈల్ చేపలవాడి గురించి ఏదో చెబుతోంది. మాస్టారు నవ్వుతున్నాడు. చనిపోయిన భార్య పేరు ఒకసారి వినిపించింది, ఆయన నోట ఎన్నేళ్ళకో. మధ్యమధ్య పిల్ల ఏదో అడుగుతోంది. వెలుగు పోయేదాకా అలాగే కూర్చున్నారు. ఆ రోజు ఆయన ఏమీ గియ్యలేదు.